ఎదుటివాళ్ళ మాట ముందు

ఫిబ్రవరి 4

ఈ డైరీ వదిన కొనిచ్చింది. "నీ కోపమంతా ఇందులో రాసుకో, మా మీద చూపించకు" అంది. మంచిదే. ఇవాళ రాయడానికి కావలసినంత ఉంది.

కొత్త బిల్లు వస్తోంది. ఇకమీదట ఎవరు రొట్టె అమ్మినా కవరు చుట్టి, చేసిన తేదీ ముద్ర వేసి అమ్మాలట. వినడానికి ముచ్చటగానే ఉంది. ఫ్యాక్టరీలకేం, చల్లారబెట్టడానికి హాళ్ళున్నాయి, చుట్టడానికి మిషన్లున్నాయి. మాకున్నదల్లా నాన్న కట్టిన భట్టీ, ఒక పెద్ద బల్ల, అన్నయ్య, వదిన, నేను. వేడి రొట్టెకి కవరు చుడితే లోపల చెమట పట్టి సాయంత్రానికల్లా తడిబట్టలా తయారవుతుంది. పోనీ చల్లారాక చుడదామంటే అప్పటికి పొద్దెక్కిపోతుంది. తెల్లవారగానే వేడి రొట్టె కోసం మా గుమ్మం ముందు నిలబడేవాళ్ళు అంతసేపు ఎందుకు ఆగుతారు? ఫ్యాక్టరీ రొట్టె కొనుక్కుని పనులకు పోతారు. ఆ పొద్దుటి బేరమే మా బతుకు. అది పోతే మా భట్టీ ఆరిపోయినట్టే.

సాయంత్రం చిన్న భట్టీల సంఘం మా దుకాణంలోనే కూడింది. అందరూ బల్ల గుద్ది మాట్లాడారు. ఎవరో ఒకరు వెళ్ళి సభ్యులను కలిసి మన గోడు చెప్పుకోవాలని తీర్మానించారు. ఆ ఎవరో ఒకరు ఎవరని అడిగేసరికి అందరూ నావైపు చూశారు. నేను సంఘానికి కార్యదర్శిని. పోయిన సమావేశానికి రాలేదని ఆ పదవి నాకు అంటగట్టారు.

ఫిబ్రవరి 6

పేపర్లో దీన్ని లాబీయింగ్ అని రాస్తారు. వదిన "కాళ్ళరిగేలా తిరగడం" అంటుంది. ఒక్కరోజుకే వదిన మాట నిజమని తేలింది.

బిల్లు ఆహార కమిటీ చేతిలో ఉంది. దాని అధ్యక్షురాలు మా పేట ఎన్నుకున్న సభ్యురాలే. అందరూ మేడమ్ అంటారు. ఆవిడ గది బయట నడవాలో ఒక పొడుగాటి బెంచీ. వంతెన కావాలని వచ్చిన లారీలవాళ్ళు, అదే వంతెన వద్దని వచ్చిన పడవలవాళ్ళు, జీతాలు పెంచమనే టీచర్లు, అందరూ ఆ బెంచీ మీదే మోకాలికి మోకాలు తగులుతూ కూర్చున్నారు. నేనూ ఓ మూల ఇరుక్కున్నాను.

పక్కన కూర్చున్న మనిషి అడక్కుండానే తన మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. మర్యాదస్తుడే అనుకున్నాను. ఏ పని మీద వచ్చారని అడిగితే సంచీలోంచి రకరకాల కవర్లు తీసి చూపించాడు. రొట్టెల ఫ్యాక్టరీల సంఘం తరఫున మాట్లాడటం ఆయన ఉద్యోగమట. ఈ బిల్లు కావాలని వచ్చాడట. నేను సీసా తిరిగి ఇచ్చేశాను. అప్పటికే తాగేసిన నీళ్ళను ఏం చెయ్యలేను కదా.

మేడమ్‌కి తీరిక లేదు. రేపు రమ్మన్నారు.

ఫిబ్రవరి 7

మళ్ళీ రేపు రమ్మన్నారు. కవర్లాయన కూడా వచ్చాడు. ఆకుపచ్చ చొక్కా. నేను అటువైపే చూడలేదు.

ఫిబ్రవరి 10

అన్నయ్య బుట్టెడు వేడి రొట్టెలు ఇచ్చి మేడమ్‌కి పెట్టి రమ్మన్నాడు. వట్టి చేతులతో వెళ్తే పని జరగదని వాడి నమ్మకం. వద్దంటే వినలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం మా అన్నయ్య.

మేడమ్ బుట్ట చూసి నవ్వి, నడవాలో బల్ల మీద పెట్టించారు. వచ్చినవాళ్ళందర్నీ తినమన్నారు. వంతెన కావాలనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ కలిసి తిన్నారు. కవర్లాయన రెండు తిన్నాడు. మా రొట్టెకి కవరు చుట్టి ఊపిరాడకుండా చెయ్యాలని వచ్చిన మనిషి, రెండు తిన్నాడు!

తర్వాత మా ఇద్దర్నీ ఒకేసారి లోపలికి పిలిచారు. ఒక పక్షం లేకుండా రెండో పక్షం మాట ఆవిడ వినరట. నేను గొంతు సవరించుకునేలోపు ఆవిడే మొదలుపెట్టారు.

"అడగందే అమ్మైనా పెట్టదు. మీరు రావడం తప్పేం కాదు, రాకపోతే రొట్టె సంగతి నాకెలా తెలుస్తుంది? కానీ నాదొక పద్ధతుంది. ముందు ఎదుటివాళ్ళ మాట మీరు చెప్పాలి. అది విని వాళ్ళు 'అవును, మా మాట ఇదే' అనాలి. ఆ తర్వాతే మీ మాట."

ఇంతేనా అనుకుని, ఎదుటివాళ్ళది దురాశండీ అన్నాను. మేడమ్ ఆయన్ని అడిగారు, ఇదేనా మీ మాట అని. కాదండీ అన్నాడు. ఆయన వంతు వచ్చింది. చిన్న భట్టీలవాళ్ళకి మార్పంటే భయమండీ అన్నాడు. కాదని నేను గట్టిగా చెప్పాను, గది బయటికి కూడా వినపడి ఉంటుంది. ఇద్దర్నీ పంపించేశారు. వచ్చే నెల కమిటీ విచారణలో కూడా ఇదే పద్ధతట. అక్కడా ఇలాగే మాట్లాడితే వినేది ఉండదట.

ఫిబ్రవరి 11

ఎదుటివాళ్ళ మాట నేను చెప్పాలట. నా నోటితో.

వదిన పడీపడీ నవ్వింది. "పెళ్ళైన కాణ్ణుంచీ మీ అన్నయ్యకి నేను చెప్పేదీ ఇదేగా" అంది.

ఫిబ్రవరి 13

బెంచీ మీద మళ్ళీ పక్కపక్కనే చోటు దొరికింది. ముందు కవర్లాయనే కదిలాడు. మీ భట్టీ ఒకసారి చూడొచ్చా అన్నాడు. చూడాలంటే తెల్లవారుజామున లేవాలి అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఏడింటికి ముందు లేచే అలవాటే లేదట. చూసి తీరాలని పట్టుబట్టాను. పని కోసమే.

ఫిబ్రవరి 15

వచ్చాడు. కళ్ళు సగమే తెరిచి వచ్చాడు. అన్నయ్య పిండి పిసకమంటే పిసికాడు. భట్టీలోంచి మొదటి వాయి తీసి బల్ల మీద కుమ్మరించగానే ఆ మిగతా సగం కళ్ళూ తెరుచుకున్నాయి. ఆత్రంగా తుంచి నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు. వదిన నీళ్ళిచ్చింది. చెప్పొద్దూ, నాకు నవ్వాగలేదు.

తర్వాత సంచీలోంచి తన కవరొకటి తీసి వేడి రొట్టెకి స్వయంగా చుట్టాడు. కళ్ళముందే కవరు లోపల మంచులా పట్టింది. సాయంత్రం దాకా బల్ల మీదే ఉంచమని చెప్పి వెళ్ళాడు.

సాయంత్రం మళ్ళీ వచ్చి విప్పి చూశాడు. నొక్కితే వేలు లోపలికి దిగింది. "మా వాళ్ళెవరూ ఇది చుట్టి చూసి ఉండరండీ" అన్నాడు. ఎదుటిపక్షం మనిషి అలా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఆ తడిరొట్టెని నేనూ ఒకసారి నొక్కి చూశాను.

ఫిబ్రవరి 17

నీలం చీర ఇస్త్రీ చేసి ఉంది కాబట్టి కట్టుకున్నాను. అంతే.

ఫిబ్రవరి 20

ఇప్పుడు నా వంతు. కవర్లాయన నన్ను ఫ్యాక్టరీకి తీసుకెళ్తాడనుకున్నాను. తీసుకెళ్ళలేదు. మా దుకాణంలోనే ఓ మూల స్టూలు వేసి కూర్చోబెట్టి, కొనేవాళ్ళ చేతులు మాత్రం చూడమన్నారు.

చూశాను. ఒకావిడ నాలుగు రొట్టెలు నొక్కి అయిదోది తీసుకుంది. ఒకాయన తుమ్మి, అదే చేత్తో ఏరుకున్నాడు. బుట్ట మీద ఈగలు. ఇన్నేళ్ళుగా ఈ గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నాను, ఎప్పుడూ కనపడలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, కార్యదర్శి గారి సంగతి అచ్చంగా అదే అయింది.

ఆయన ఇంకోటి కూడా చెప్పారు. కొన్నిచోట్ల నిన్నటి రొట్టె వెచ్చబెట్టి ఇవాళ్టిదని అమ్ముతారట. తేదీ ముద్ర అడిగేది అందుకేనట. మా భట్టీలో ఆ మాటే లేదని నేను ఖచ్చితంగా చెప్పాను. కావాలంటే మా అన్నయ్యని అడగండి అన్నాను. అన్నయ్య ఎందుకో పైకప్పు చూస్తున్నాడు.

ఫిబ్రవరి 24

ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయిందట. పిల్లల్లేరు. అడిగింది వదిన, నేను కాదు.

ఫిబ్రవరి 25

మేడమ్ గది ముందే లాబీయింగ్ అనుకుంటున్నాను గానీ, మా ఇంట్లో అంతకంటే గట్టి సంఘం ఒకటి పనిచేస్తోంది. సభ్యురాలు ఒక్కతే, వదిన. పొద్దున గల్లాపెట్టె దగ్గర, మధ్యాహ్నం అంట్ల దగ్గర, సాయంత్రం బట్టలు మడతపెడుతూ, ఎక్కడ దొరికితే అక్కడ నన్ను పట్టుకుంటోంది. మనిషి నెమ్మదస్తుడంటుంది. తిన్న పళ్ళెం కడిగిపెట్టాడంటుంది. నాకు నలభై రెండేళ్ళు, నాకివన్నీ ఎందుకు అంటే, నీకని ఎవరన్నారు, ఊరికే చెప్తున్నా అంటుంది.

మార్చి 2

బెంచీ మీద రిహార్సలు. నేను ఆయన మాట చెప్పాను, ఆయన నా మాట చెప్పారు. తప్పులు దిద్దుకున్నాం. మా నాన్న కట్టిన భట్టీ గురించి ఆయన చెప్తుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందన్నాను. లారీలాయన మమ్మల్ని చూసి, ఇంతకీ మీలో బిల్లు కావాలనేది ఎవరమ్మా అని అడిగాడు. ఇద్దరం ఒకరినొకరు చూపించుకున్నాం.

మార్చి 5

రేపే విచారణ. ఆకలి లేదు. భట్టీ చుట్టూ ఊరికే రెండుసార్లు తిరిగొచ్చాను. గోడ ఇంకా వెచ్చగా ఉంది. ఇది ఆరిపోతే అన్నయ్య ఏం చేస్తాడో నాకు తెలియదు, వాడికి ఇంకో పని రాదు. నాకూ రాదు.

మార్చి 6

మొత్తం రాయాలి. ఒక్కటి వదిలినా ఊరుకోను.

కమిటీ గదిలో ముందు వరసలో ఫ్యాక్టరీల యజమానులు కోట్లు వేసుకుని కూర్చున్నారు, వాళ్ళతోనే ఆయన. వెనక వరసలో మా సంఘంవాళ్ళు, చేతులకింకా పిండి. అన్నయ్య మధ్యలో కూర్చున్నాడు. నన్ను ముందు పిలిచారు.

ఆయన మాట చెప్పడం మొదలుపెట్టాను. నొక్కే చేతులు, తుమ్ములు, ఈగలు, ఏదీ దాచలేదు. తర్వాత ఇలా అన్నాను. "కొన్ని భట్టీల్లో నిన్న మిగిలిన రొట్టెని భట్టీ మూత మీద వెచ్చబెట్టి ఇవాళ్టి బుట్టలో కలిపేస్తారు. కొనేవాళ్ళకి తెలిసే దారి లేదు. తేదీ ముద్ర ఉంటే తెలుస్తుంది."

వెనక నుంచి ఒక గొంతు. "ఆదివారాలు మాత్రమే!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు మా అన్నయ్య. గది గదంతా అటు తిరిగింది. మా సంఘంవాళ్ళు తలలు దించుకున్నారు. మేడమ్ వాణ్ణి లేవమన్నారు. లేచి, చెవులు ఎర్రబడి, పారెయ్యడానికి మనసొప్పదండీ అన్నాడు. ఆవిడ కొంచెం కూడా కోప్పడలేదు. "అయితే నిన్నటిదని చెప్పి వేరే బుట్టలో పెట్టండి. రేటు తగ్గిస్తే నేనే కొంటాను" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాన్న భట్టీని అన్నయ్యే ఆర్పేశాడనుకున్నాను. నామీద నాకే జాలేసింది. పైకప్పు చూసిన రోజే నాకు అర్థమై ఉండాల్సింది.

మేడమ్ ఆయన్ని అడిగారు, ఇదేనా మీ మాట అని. "ఇదేనండి. ఒక్క ముక్క తప్పలేదు" అన్నారు.

ఇక ఆయన వంతు. ఆ ఆదివారం మాట ఒక్కటి పట్టుకుంటే చాలు, ఆయన గెలిచినట్టే. ముందు వరసలోంచి ఒక కోటాయన వంగి ఆయన చెవిలో అదే చెప్పి ఉంటాడు. ఆయన తల అడ్డంగా ఊపి లేచారు. పద్ధతి ప్రకారం నా మాట చెప్పారు.

తెల్లవారకముందే లేచిన చేతుల గురించి చెప్పారు. గుమ్మం ముందు నిలబడే నర్సులు, రిక్షావాళ్ళు, స్కూలుకి పోయే పిల్లల గురించి చెప్పారు. వేడి రొట్టెకి తన చేత్తో కవరు చుట్టి, సాయంత్రం విప్పి చూసిన సంగతి చెప్పి, ఆ తడిరొట్టెని నొక్కితే ఎలా ఉందో వేలు పైకెత్తి చూపించారు. మొదటి వాయి వాసన గురించి చెప్పేటప్పటికి కమిటీలో ఒక లావుపాటి సభ్యుడు, ఆ దుకాణం ఎక్కడుందండీ అని అడిగాడు. కోట్లవాళ్ళ ముఖాలు మాడిపోయాయి.

"ఇదేనా అమ్మా, మీ మాట?" అన్నారు మేడమ్.

తల ఊపాను. నోటితో చెప్పాలన్నారు. "ఇదేనండి. నాకంటే బాగా చెప్పారు" అన్నాను. ఆయన తన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు, చాలాసేపు.

ఆ తర్వాత మేడమ్ చెప్పింది నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను. "ఫ్యాక్టరీలకి సంఘముంది. భట్టీలకి సంఘముంది. రొట్టె తినేవాళ్ళకి సంఘమేది? వాళ్ళకి ఆ బెంచీ మీద కూర్చునే తీరికెక్కడుంది? రొట్టె కొనుక్కుని పనికి పోతారు. ఓటేసి మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టింది వాళ్ళ తరఫున అడగడానికే. మీరిద్దరూ మీ మాట వదిలి ఎదుటివాళ్ళ మాట చెప్తుంటే, మధ్యలో వాళ్ళకేం కావాలో నాకు వినపడింది. వాళ్ళకి వేడి రొట్టె కావాలి, ఈగలు వద్దు, నిన్నటిదైతే నిన్నటిదని తెలియాలి."

బిల్లు అలాగే మార్చారు. చల్లారబెట్టి దుకాణాలకి పంపేదానికి కవరూ ముద్రా తప్పనిసరి. ఆ రోజు భట్టీలోంచి తీసింది ఆ రోజే అమ్మితే కవరు అక్కర్లేదు. అద్దాల పెట్టెలో ఉంచి పట్టకారుతో ఇవ్వాలి, ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు. నిన్నటిది వేరే బుట్ట, పైన పలక మీద పెద్దక్షరాలతో రాయాలి. కమిటీలో అందరూ చేతులెత్తారు. లావుపాటి సభ్యుడు రెండు చేతులూ ఎత్తాడు.

బయట నడవాలో అన్నయ్య ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఆకుపచ్చ చొక్కా నిండా పిండి. నేను దులపబోయి ఆగిపోయాను.

మార్చి 8

అద్దాల పెట్టె వచ్చింది. అన్నయ్య దాన్ని తానే కనిపెట్టినట్టు అందరికీ చూపిస్తున్నాడు.

మార్చి 9

బెంచీ దగ్గరికి వెళ్ళే పని ఇక లేదు. అటుగా వేరే పనుండి వెళ్ళాను. వంతెనవాళ్ళూ పడవలవాళ్ళూ ఒకళ్ళ మాట ఒకళ్ళు వల్లెవేసుకుంటున్నారు. ఇంకెవరూ లేరు.

మార్చి 12

ఏం లేదు.

మార్చి 15

సభలో బిల్లు నెగ్గింది. మా భట్టీకి ఇక భయం లేదు. సంఘంవాళ్ళు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తబోయి, బరువుకి దించేశారు. ఎంత సంతోషమో రాయలేను. ఆయనకి కూడా తెలిసే ఉంటుంది. రాలేదు. యజమానులు ఏమన్నారో ఏమో. వదిన రెండుసార్లు వీధిలోకి తొంగి చూసింది. మూడోసారి నేను చూశాను.

మార్చి 16

తెల్లవారుజామున మొదటి వాయి తీసేసరికి గుమ్మం ముందు అందరికంటే ముందు ఆయన నిలబడి ఉన్నారు. కళ్ళు పూర్తిగా తెరిచే ఉన్నాయి. కోట్లవాళ్ళు ఒక వారం అలిగారట. ముద్ర దక్కింది కదా అని చివరికి సర్దుకున్నారట. ఉద్యోగం ఉందట. ఇదంతా గబగబా చెప్పేసి ఆగిపోయారు. మా మధ్య అద్దాల పెట్టె.

"కార్యదర్శి గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. పద్ధతి ప్రకారం ముందు మీ మాట చెప్తాను" అన్నారు.

నా చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది.

"మీకు మీ భట్టీ ఉంది. దాన్ని వదిలి మీరు ఎక్కడికీ రారు. ఇన్నేళ్ళు మీ ఇష్టప్రకారం బతికారు, ఇప్పుడు ఎవరికోసమో మార్చుకోవలసిన ఖర్మ మీకు లేదు. పైగా అడిగేవాడు ఏడింటిదాకా నిద్రలేవని మనిషి, మాట్లాడితే కవర్ల సంగతే. ఒకసారి ఇల్లు ఖాళీ అయినవాడు, దేనికైనా త్వరగా భయపడతాడు. ఇదేనా అండీ మీ మాట?"

ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. ఒక్క ముక్క తప్పలేదు. అందుకే నిజం చెప్పాను. "ఇదే" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. నా మాట మరీ అంత బాగా చెప్పేసి, సెలవు తీసుకునే మనిషిలా సంచీ భుజాన వేసుకున్నారు. భట్టీ వెనక నుంచి వదిన నిట్టూర్పు వినపడింది.

"ఆగండి. నా వంతు కాలేదు. మీ మాట నేను చెప్పొద్దూ?" అన్నాను.

చెప్పాను. ఆ ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. పొద్దున్నే లేవడానికి కారణం లేక ఏడింటిదాకా పడుకుంటారు. ఈ పది రోజులూ రానిది యజమానుల భయంతో కాదు, నేను వద్దంటానన్న భయంతో. భట్టీ వదిలి రమ్మని అడగడానికి రాలేదు, ఇక్కడికే వస్తానని చెప్పడానికి వచ్చారు. ఇదేనా మీ మాట అన్నాను.

"ఇదేనండి" అన్నారు. చాలా మెల్లగా.

"నాకు సమ్మతమే" అని భట్టీ దగ్గర్నుంచి అరిచాడు అన్నయ్య. వాణ్ణి ఎవరూ అడగలేదు. వదిన వాడి నోరు మూసింది.

వెనక జనం పేరుకుపోతున్నారు. ఎవరో రొట్టె అడిగారు. నేను పట్టకారుతో ఒకటి తీసి ముందు ఆయనకిచ్చాను.

"కవరు కావాలా?" అన్నాను.

"వద్దండి. ఇక్కడే తింటాను."

"రోజూనా?"

"రోజూ" అన్నారు, ఊదుకోకుండా కొరికి మళ్ళీ నాలుక కాల్చుకుంటూ.